భూమిని ‘అది’ అనొచ్చా?

అరసున్న: అమెరికా ఆదివాసుల్లో చెరొకీ కవయిత్రి మారిలూ అవియాక్తా కవిత, 1993 నాటి ‘సేలు’ పుస్తకంలోది. భూమిని అమ్మా అన్నన్నాళ్లూ జనం ప్రేమతో పుచ్చుకుని ప్రేమతో తిరిగిస్తారు. ‘ఇట్’ అన్ననాడు తామే పోతారు. చివర్లో ఆ తల్లి పచ్చదనమంతా గుండెలోకి లాగేసుకుంటుంది, పేరు పెట్టి పిలిచేదాకా ఇటు తిరగదు. ఆ ‘ఇట్’ని ఎవరో ‘అది’ అని తెలుగు చేయగా చదివినట్టు గుర్తు. అప్పట్నుంచీ నలుగుతోంది.

తిరగలి: ‘అది’ పెడితే కవిత అక్కడే చచ్చింది. మనకి ఏకవచనంలో కూతురూ, గేదే, రోకలీ అన్నీ ‘అది’. అమ్మా వచ్చింది, వానా వచ్చింది.

పాతబడి: అందుకే కదా చిన్నయసూరి ఆడవాళ్లని చెప్పే మాటల్ని మహతీవాచకాలని వేరు చేసింది! బహువచనంలో ‘వారు’ అయిపోతారు. గోండీలో ఆ భాగ్యమూ లేదు. తమిళులు హాయిగా ‘అవళ్’ అనుకుంటారు.

వానకోయిల: చెరొకీలోనూ ఆయన, ఆవిడ తేడా లేదండీ. తేడా క్రియలో. ఇచ్చేది ప్రాణమున్నదా, ద్రవమా, పొడుగుదా, మెత్తగా వంగేదా, ముద్దలా ఉందా అన్నదాన్నిబట్టి ‘ఇవ్వు’ మారిపోతుంది. ‘ఇట్’ గొడవ ఇంగ్లీషుది, ఆవిడ రాసిందీ అందులోనే. ‘వస్తువు’ అంటే సరి.

తిరగలి: సైన్సు వాచకం వాసన.

పాతబడి: అవియాక్తా అంటే జింక కన్ను. సంస్కృతంలో ‘అవి’ గొర్రె! ఎక్కడో చుట్టరికం ఉండాలి.

తిరగలి: చెరొకీ ఇరొక్వాయన్ అనే వేరే కుటుంబపు భాష, మాస్టారూ. కలపాలంటే మన ‘అవి’నే కలపండి, ‘అది’కి బహువచనమైనా దక్కుతుంది.

అరసున్న: జింకంటే గుర్తొచ్చింది. ఆవిడ పెరిగింది ఓక్ రిడ్జ్‌లో, తండ్రి ఉద్యోగం అక్కడే. హిరోషిమా బాంబుకి యురేనియం సిద్ధమైన ఊరు. ఆవిడ చిహ్నం ఏమిటో తెలుసా? అణువు కక్ష్యల్లో దూకే తెల్లజింక, అవి ఉస్ది. చెరొకీ కథల్లో, మన్నింపు అడక్కుండా జింకని చంపిన వేటగాడికి కీళ్లనొప్పులు పట్టించేది అదే.

పాతబడి: పోతన చూడండి. ‘అమ్మా! మన్నుఁదినంగ’. అమ్మా, మన్నూ పక్కపక్కనే!

తిరగలి: ఆ అమ్మ యశోద. భూమి కాదు.

పాతబడి: ఆ నోట్లో బ్రహ్మాండం చూసిందెవరు మరి?

అరసున్న: నా ‘ఇట్’ సంగతి?

వానకోయిల: ‘దాన్ని’ అంటే? ‘దాన్ని వాడుకుంటారు’. కాస్త కసురు ఉంది.

తిరగలి: మా నాయనమ్మ నోట్లో అదీ ముద్దే. ‘దాన్ని పిలవ్వే, పొద్దున్నించీ ఏం తినలేదు’ అనేది, మా అత్త గురించి.