పీహెచ్‌సీల్లో కాన్పులు ఆపేయాలా?

దేవరకొండ వాసి:
మా మండలంలో ఇదే చర్చ నడుస్తోంది. పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) కాన్పులు ఆపేసి, గర్భిణులందరినీ ఏరియా ఆసుపత్రికో నల్లగొండకో పంపాలంటున్నారు. నేనూ అదే అంటాను. రక్తస్రావం మొదలైతే పీహెచ్‌సీలో ఎక్కించడానికి రక్తం ఉండదు, మత్తు డాక్టరూ ఉండరు. తల్లి ప్రాణంతో పందెం ఎందుకు?

స్టాఫ్ నర్స్, అచ్చంపేట వైపు:
అన్నా, రక్తం గురించి మీరన్నది నిజమే. కానీ నొప్పులు మన కోసం ఆగవు. నల్లమల అడవి లోపలి చెంచు పెంటల (గూడేల) నుంచి బయల్దేరిన మనిషికి, అందులోనూ మూడో కాన్పు అయితే, దారిలోనే అయిపోతుంది. బండిలో అయ్యే కాన్పు కంటే మా లేబర్ రూములో అయ్యేదే మేలు. బిడ్డ బయటపడిన నిమిషంలోపే రక్తస్రావం ఎక్కువ కాకుండా తల్లి తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తాం. మాయ పడ్డాక పొట్ట మీద చెయ్యిపెట్టి గర్భసంచి గట్టిపడిందా లేదా చూస్తూ ఉంటాం, మెత్తగా తగిలితే మర్దన చేస్తాం. చాలామందికి రక్తం అక్కడే ఆగుతుంది. ఆగనివాళ్లకు 108 వెంటనే రావాలి. మనం కొట్లాడాల్సింది ఆ బండి కోసం.

మిర్యాలగూడ నుంచి:
అందరినీ పెద్దాసుపత్రికి పంపితే కోతలు ఇంకా పెరుగుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అందులో సంతోషమే. కానీ 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, దేశంలో మనమే ముందు. ముహూర్తం చూసి కోయించుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

దేవరకొండ వాసి:
సరే సిస్టర్, హిమోగ్లోబిన్ 7 గ్రాముల లోపున్న తండా ఆడబిడ్డకు కూడా మీరే చేస్తారా?

స్టాఫ్ నర్స్, అచ్చంపేట వైపు:
చేయను. రక్తం అంత తక్కువున్నవాళ్లను, ముందు ఆపరేషన్ అయినవాళ్లను, కవలలున్నవాళ్లను నెలలు నిండకముందే పెద్దాసుపత్రిలో చూపించి, కాన్పు అక్కడే అని మాట్లాడిపెట్టాలి. మాకు అసలు టెన్షన్ ముంబై, పుణెలకు వలసపోయి ఏడో నెలలో తిరిగొచ్చే పాలమూరు ఆడవాళ్లతో. చేతిలో గర్భిణి చెకప్‌ల కార్డు ఉండదు, ఐరన్ మాత్ర ఒక్కటీ పడి ఉండదు. ఆశమ్మ ఇల్లిల్లూ తిరిగి వాళ్లను పట్టుకుంటేనే మాకు తెలిసేది.
పీహెచ్‌సీ మూసేయమనే ముందు, మీ ఊరి పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీకి నర్సు ఉంటుందో లేదో ఒకసారి వెళ్లి చూడండన్నా. లేకపోతే ముందు ఆమెను వేయమని అడగండి.