పాత ఇంటి బాత్రూమ్: లోపలి పైపులు మారిస్తే చాలా, ట్యాంకు దగ్గర నుంచి మొత్తం మార్చాలా?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మాది 1986లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. అమ్మానాన్నలు కింద, మేము పైన. బాత్రూములు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. నీళ్ల పైపులన్నీ జీఐ (జింకు పూత ఉన్న ఇనుప పైపులు), గోడల్లోపలే. పొద్దున్నే పై బాత్రూమ్‌లో కుళాయి తిప్పితే కాసేపు ఎర్రనీళ్లు వస్తాయి. షవర్ ధార సన్నబడిపోయింది. కింది బాత్రూమ్ సీలింగ్ మీద చెమ్మ మచ్చ నెలనెలా పెరుగుతోంది. రెండు చోట్లా ఇండియన్ లెట్రిన్లే. నాన్నగారి మోకాళ్ల వల్ల కింద వెస్టర్న్ కమోడ్ తప్పనిసరి అయింది, ఆ పనితో పాటే పైది కూడా చేయిద్దామనుకున్నాం.

ఇద్దరు మేస్త్రీలను పిలిస్తే రెండు మాటలు చెప్పారు. టైల్స్ తీసి బాత్రూమ్ లోపల సీపీవీసీ (వేడినీళ్లకూ ఆగే ప్లాస్టిక్ పైపు) వేసి, గోడ దగ్గర పాత జీఐకి కలిపేస్తే చాలని ఒకాయన. ట్యాంకు నుంచి సెప్టిక్ ట్యాంకు దాకా అన్నీ మార్చకపోతే టైల్స్ డబ్బులు బూడిదలో పోసినట్టేనని ఇంకొకాయన. ఖర్చు రెండింతల పైనే తేడా ఉంది. మీరేమంటారు?

బెజవాడ పైప్‌లైన్ (విజయవాడ)

నేను రెండో మేస్త్రి పక్షం అండి. ప్లంబింగే నా బతుకుతెరువు కాబట్టి పని పెంచుకోవడానికి చెబుతున్నాననుకునేవాళ్లు ఉంటారు, అందుకే కారణాలు కూడా చెబుతాను.

జీఐ పైపు లోపల నుంచి పాడవుతుంది. జింకు పూత అరిగిపోయాక ఇనుము తుప్పు పట్టి, ఆ తుప్పు పొక్కులుగా లేచి దారి మూసేస్తుంది. బోరు నీళ్లయితే దాని మీద సున్నం పేరుకుంటుంది. ముప్పావు ఇంచి పైపు కోసి చూస్తే పెన్సిలు దూరేంత సందే మిగిలిన ఇళ్లు చాలా చూశాను. లోపల ఎంత ఖరీదైన షవర్ పెట్టినా దానికి వచ్చేది ఆ సందులోంచి వచ్చిన నీళ్లే. అప్పుడు ప్రెషర్ పంపు పెట్టిస్తారు. పైపుకు త్రెడ్ కోసిన చోట మందం తక్కువ, తుప్పు ముందు తినేది అక్కడే. పంపు తోసేసరికి గోడలో ఎల్బో (వంపు ముక్క) దగ్గరో, నిప్పిల్ (రెండు చివర్లా త్రెడ్ ఉన్న చిన్న పైపు ముక్క) దగ్గరో ఊట మొదలవుతుంది. కొత్త టైల్స్ మళ్లీ పగలగొట్టాల్సిందే.

ఇంకోటి, జీఐకి సీపీవీసీ కలిపే జాయింటు. ఇత్తడి త్రెడ్ ఉన్న ఫిట్టింగే వాడాలి. ప్లాస్టిక్ త్రెడ్‌ను ఇనుప పైపు మీద బిగిస్తే ఇవాళ కాకపోతే రేపు చీలుతుంది. వేడికి సీపీవీసీ ఇనుము కన్నా దాదాపు ఐదు రెట్లు ఎక్కువ సాగుతుంది, గీజర్ లైన్లో ఆ జాయింటు రోజూ సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. అలాంటి జాయింటును టైల్ వెనక దాచడం నాకు ఇష్టం లేదు.

ఓరుగల్లు వాసి (హనుమకొండ)

అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ మొత్తం మార్చాలనే మాట యజమాని మీద ఎంత బరువు వేస్తుందో కూడా చూడాలి. ఆ కాలపు ఇళ్లలో చాలా గోడలు సన్నటి సిమెంటు పాళ్లతోనో, సున్నంతోనో కట్టినవి. మిషన్ పెట్టి ట్యాంకు నుంచి కింది దాకా గాడి కొడితే ఇటుకలు కదులుతాయి, అవతలి గదిలో ప్లాస్టరింగ్ పెచ్చులు ఊడుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో నెలల తరబడి ఆ దుమ్ము ఎవరు భరిస్తారు?

2016లో మా ఇంట్లో లోపలి వరకే మార్పించాను. బయటి జీఐ ఇప్పటికీ బాగానే నడుస్తోంది. మాకు మున్సిపల్ నీళ్లే, బోరు లేదు. నీలం గీత ఉన్న బి క్లాస్ (మధ్యరకం మందం) పైపు వేసి ఉంటే అది అంత త్వరగా చెడదు. పైగా ఎర్రనీళ్లు కాసేపే వచ్చి ఆగిపోతున్నాయంటే రాత్రంతా నీళ్లు నిలిచిన ఏదో ఒక ముక్కలోనే తుప్పు ఎక్కువ ఉండొచ్చు. ఆ ముక్క ఏదో తేల్చకుండా ఇల్లంతా తవ్వించమనడం న్యాయం కాదు.

రిటైర్డ్ ఏఈ (గుంటూరు)

ఇద్దరూ నీళ్లు వచ్చే లైను గురించే వాదించుకుంటున్నారు. నీళ్లు పోయే లైను మాట ఎవరూ ఎత్తలేదు, సీలింగ్ మీద మచ్చ మాత్రం అక్కడిది కావచ్చు. ఈ రెండింటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడిగితే ఎవరు చెప్పిన జవాబైనా సగమే అవుతుంది.

గోదావరి గట్టు గారూ, పైసా ఖర్చు పెట్టకముందు ఈ పని చేయండి. పై బాత్రూమ్ వాడకం కొన్ని రోజులు పూర్తిగా ఆపండి, నీళ్ల వాల్వు మాత్రం తెరిచే ఉంచండి. మచ్చ అలాగే తడిగా ఉంటే నీళ్ల పైపు కారుతోంది, ఎందుకంటే దానిలో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది. ఆరుతూ వస్తే అనుమానం నేల మీదికి, డ్రైన్ మీదికి మళ్లుతుంది. అప్పుడు నేల తడవకుండా నహానీ ట్రాప్‌లోకే (నేల నీళ్లు పోయే జాలీ కింద, వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపు) గొట్టంతో నీళ్లు వదిలి చూడండి. దానికి మచ్చ మేల్కోకపోతే, ట్రాప్‌కు గుడ్డ కుక్కి నేల మీద రెండంగుళాల నీళ్లు ఒక రోజు నిలబెట్టండి. సంకెన్‌లో (పైపుల కోసం శ్లాబును కిందికి దించి, ఇటుక ముక్కలతో నింపిన నేల కింది గుంట) ఊరిన నీళ్లు ఆరడానికి సమయం పడుతుంది, తొందరపడొద్దు.

షవర్ ధార గురించి. నీళ్లు 10 మీటర్ల ఎత్తులో ఉంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ ప్రెషర్ వస్తుంది. డాబా మీద అయిదడుగుల దిమ్మెపై ట్యాంకు ఉంటే, పై బాత్రూమ్ షవర్‌కూ ట్యాంకు అడుగుకూ తేడా ఎనిమిది అడుగులు. అంటే పావు కేజీ. పైపు కొత్తదైనా అంతే! పెద్ద రెయిన్ షవర్, డైవర్టర్ (నీళ్లను షవర్‌కో, కుళాయికో మళ్లించే వాల్వు) అడిగేది సుమారు ఒక కేజీ. కాబట్టి సన్నధారకు తుప్పు ఒక్కటే కారణమని ఇప్పుడే అనుకోవద్దు. ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర యూనియన్ (విప్పి బిగించే జాయింటు) విప్పి పైపు లోపల టార్చి వేసి చూడండి, సంగతి అక్కడే తేలుతుంది.

ఇక ఓరుగల్లు గారి భయానికి జవాబు: పాత పైపును తవ్వి తీయాలని ఎవరన్నారు? రెండు చివర్లా ప్లగ్ కొట్టి గోడలోనే వదిలేయండి. కొత్త లైను ట్యాంకు నుంచి ఇంటి బయటి గోడ మీదుగా దించి, బాత్రూమ్ దగ్గర చిల్లు వేసి లోపలికి తీసుకోవచ్చు.

సాగరతీరం (విశాఖపట్నం)

కమోడ్ గురించి ఎవరైనా మాట్లాడండి! పనులు నిజంగా ఆగిపోయేది అక్కడే. ఇండియన్ పాన్ కింద ట్రాప్ గోడకు దూరంగా ఉంటుంది. ఎస్ ట్రాప్ (నేలలోకి దిగే) వెస్టర్న్ కమోడ్‌కు మాత్రం గోడ నుంచి పైపు మధ్యకు 9 అంగుళాలో, 12 అంగుళాలో, ఆ మోడల్ కొలత ఎంతుంటే అంత కచ్చితంగా కుదరాలి. టైల్స్ వేశాక గోడ అంగుళం పైగా ముందుకొస్తుంది, అది కూడా లెక్కలో ఉండాలి. ముందు కమోడ్ కొని, తర్వాత పైపు దాని దగ్గరికి తెమ్మంటే శ్లాబు కొట్టే పరిస్థితి వస్తుంది.

బాత్రూమ్ గోడల్లో ఒకటి ఇంటి బయటి గోడ అయితే పీ ట్రాప్ (వెనక గోడలోకి పోయే) కమోడ్ తీసుకోండి. నేల నుంచి సుమారు 7 అంగుళాల ఎత్తులో గోడకు చిల్లు వేసి నేరుగా బయటి పైపుకు కలిపేస్తారు. నేల ముట్టుకోనవసరం లేదు. మా అత్తగారింట్లో అలాగే చేయించాం.

ఇంకో విషయం, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ రోజుల్లో బయటి మలం పైపు చాలాచోట్ల ఆస్బెస్టాస్ సిమెంటుది. బూడిదరంగులో, గరుగ్గా ఉంటుంది. దాన్ని కటింగ్ మిషన్‌తో కోయనివ్వకండి. ఆ దుమ్ము పీల్చితే క్యాన్సర్ వస్తుందని రుజువైంది. తడుపుతూ జాయింట్ల దగ్గర విప్పించాలి, పనివాళ్లకు సరైన మాస్కు ఇప్పించాలి. మాస్కు లేకుండా కోస్తున్న కుర్రాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బెజవాడ పైప్‌లైన్

ఏఈ గారు చెప్పిన బయటి లైను పద్ధతికి ఒప్పుకుంటాను, నేనూ అలా వేస్తాను. కానీ సీపీవీసీని ఎండలో వదిలేయకూడదు, రంగు వేయాలి లేదా తొడుగు వేయాలి. ట్యాంకు నుంచి దిగేది కనీసం ఇంచింపావు ఉండాలి. ఉన్న పావు కేజీలో సన్నపైపు రాపిడికే సగం పోగొట్టుకోకూడదు.

డ్రైన్ దగ్గర మాత్రం నేను తగ్గను. నేలలో పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులుంటాయి, సిమెంటు జాయింట్లు. చెట్టు వేర్లు దూరేది వాటిలోకే. పాత సిస్టర్న్ (ఫ్లష్ ట్యాంకు) ఒకసారికి 10 లీటర్లకు పైగా వదిలేది. ఇప్పటి డ్యుయల్ ఫ్లష్ 3, 6 లీటర్లే. అంత తక్కువ నీళ్లు ఆ గరుకు పైపులో, అరకొర వాటంలో (వాలులో) మలాన్ని సెప్టిక్ ట్యాంకు దాకా తోయలేవు.

ఓరుగల్లు వాసి

బయటి గోడ మీదుగా లైను అంటే ఇంటి అందం ఏం కావాలి? అయినా సరే, గాడి కొట్టడం కన్నా అదే నయం. డ్రైన్ విషయంలో మాత్రం ఒప్పుకోను. వాటం సరిపోతుందో లేదో చాంబర్ (బయట నేలలో డ్రైన్ పైపులు కలిసే తొట్టి) మూత తెరిచి చూస్తే తెలుస్తుంది. పైన బకెట్ నీళ్లు ఒక్కసారిగా పోయండి, చాంబర్‌లోకి జోరుగా వచ్చి నిలవకుండా పోతే ఆ పైపుకు ఏ జబ్బూ లేదు. నాలుగంగుళాల పైపుకు పదడుగులకు రెండు మూడంగుళాల వాటం ఉంటే చాలు.

గోదావరి గట్టు

అందరికీ చాలా థాంక్స్. ఏఈ గారు చెప్పినట్టే చేశాం. వాడకం ఆపితే మచ్చ బాగా తగ్గింది. నహానీ ట్రాప్‌లోకి నీళ్లు వదిలితే ఏమీ కాలేదు. నేల మీద నిలబెడితే తెల్లారేసరికి సీలింగ్ నుంచి చుక్కలు! యూనియన్ విప్పితే పైపు లోపల సగానికి పైగా మూసుకుపోయి ఉంది, కాబట్టి లైను మార్చక తప్పదు. చాంబర్ దగ్గర బకెట్ పరీక్షలో నీళ్లు బాగానే వచ్చాయి, కానీ కాసేపటికి అడుగున కొంచెం నిలిచాయి. బయటి పైపు సాగరతీరం గారు చెప్పిన బూడిదరంగుదే. ఇప్పుడు సంకెన్ మొత్తం తవ్వాలా? పైన ఇంకో పొర టైల్స్ వేస్తే సరిపోతుందని మొదటి మేస్త్రి అంటున్నాడు.

రిటైర్డ్ ఏఈ

టైల్ మీద టైల్ వద్దు. సంకెన్‌లో నింపిన ఇటుక ముక్కలు ఏళ్ల తరబడి నీళ్లు పీల్చి ఉన్నాయి. పైన మూసేస్తే ఆ చెమ్మంతా శ్లాబు ఇనుములోకే దిగుతుంది. శ్లాబు కనిపించేదాకా తీయించండి. ఇనుము పెచ్చు లేచి ఉంటే ముందు దానికి మరమ్మతు. తర్వాత అడుగుకూ, పక్కలకూ, నేల కన్నా ఒక అడుగు పైదాకా వాటర్‌ప్రూఫింగ్ చేయించి, మళ్లీ నీళ్లు నిలబెట్టి చూశాకే నింపాలి. సంకెన్ అడుగు నుంచి బయటికి ఒక చిన్న పైపు పెట్టించండి. ఎప్పుడైనా లోపల నీళ్లు చేరితే సీలింగ్‌కు బదులు బయట కనబడతాయి.

బయటి నిలువు పైపును ఎలాగూ మారుస్తారు కాబట్టి దాన్ని డాబా పైదాకా తీసుకెళ్లి పైన జాలీ మూత పెట్టించండి. ఆ గాలి దారి లేకపోతే ఫ్లష్ చేసినప్పుడల్లా ట్రాప్‌లో నీళ్లు లాగేసుకుని వాసన వస్తుంది.

నేలలో ఉన్న పైపు దగ్గర మాత్రం ఓరుగల్లు గారికీ, ప్లంబర్ గారికీ మధ్యలో ఉన్నాను. చాంబర్‌లో నీళ్లు నిలిచాయంటే ఆ తర్వాతి ముక్క కుంగి ఉండొచ్చు. ఆ ఒక్క ముక్క తవ్వి చూడండి.

ఓరుగల్లు వాసి

ముక్క తవ్వి చూడటానికి నాకు అభ్యంతరం లేదు. కుంగింది ఆ ముక్కే అయితే దాన్నే మార్చండి, సెప్టిక్ ట్యాంకు దాకా పోకండి.

బెజవాడ పైప్‌లైన్

ఒక ముక్క కుంగితే పక్క ముక్క బాగుంటుందని నేను నమ్మను, కానీ తవ్వితే మీ కళ్లకే కనబడుతుంది. గోదావరి గట్టు గారూ, వరస ఇలా పెట్టుకోండి. ముందు నేలలో పైపు, బయటి నిలువు పైపు. తర్వాత పై బాత్రూమ్. అది జరుగుతున్నంతసేపూ నాన్నగారికి కింది బాత్రూమ్ చెదరకుండా ఉండాలి కాబట్టి కిందిది ఆఖరున. కింద పీ ట్రాప్ కమోడే పెట్టించండి, పక్కన పట్టుకునే కడ్డీకి గోడలో గట్టి ఫిక్సింగ్ టైల్స్ వేయకముందే చేయించండి. సీపీవీసీ జాయింట్లు అంటించాక ఒక రోజు ఆరనిచ్చి, చేతి పంపుతో ప్రెషర్ పెట్టి, గేజ్ ముల్లు గంటసేపు కదలకుండా నిలబడితేనే టైల్స్ వాళ్లను రమ్మనండి. గాడి మూసే ముందు ప్రతి గోడకూ ఫోటో తీసి పెట్టుకోండి, టేపు పక్కన పెట్టి మరీ. రేపు కడ్డీకో, అద్దానికో డ్రిల్ వేసేటప్పుడు పైపు ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేదు.