ఇష్టపడి ఆర్మీలో చేరితే, యుద్ధానికీ ఇష్టపడే వెళ్లినట్టా?

పెదవాల్తేరు అక్క:
మా తమ్ముడు అగ్నివీర్‌కి తయారవుతున్నాడు, అది ఆర్మీలో నాలుగేళ్ల ఉద్యోగం. తెల్లారకముందే ఆర్‌కే బీచ్‌లో పరుగు. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తే 60 మార్కులు, 10 పుల్‌అప్స్ తీస్తే 40. రాడ్డుకి వేలాడి వేలాడి అరచేతుల్లో కాయలు పగిలాయి. కూర కలిపితే మంట అని చెంచాతో తింటున్నాడు. ఐటీఐ అయ్యాక పరవాడలో కాంట్రాక్టు పని చేశాడు, అది ఎన్నాళ్లుంటుందో తెలీదు.

మొన్న ఇంటికొచ్చిన బంధువు ఒకాయన, "ఎవరూ బలవంతంగా లాక్కెళ్లట్లేదు కదమ్మా, ఇష్టపడే చేరుతున్నారు, జీతం దానికే" అనేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఉద్యోగానికి ఒప్పుకుంటే యుద్ధానికీ ఒప్పుకున్నట్టేనా? ఆర్మీలో చేసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ హవల్దార్, మర్రిపాలెం:
అమ్మా, నేను ఆర్టిలరీలో, అంటే ఫిరంగుల దళంలో చేశాను. మాది శ్రీకాకుళం వైపు పల్లె. దేశభక్తితో చేరానంటే సగమే నిజం. చెల్లెళ్ల పెళ్లిళ్లున్నాయి, పొలానికి నీళ్లు లేవు. కసం పరేడ్‌లో ప్రమాణం చేయించారు. నేల మీదైనా, సముద్రం మీదైనా, ఆకాశంలోనైనా పంపిన చోటికి వెళ్తాను, ప్రాణం మీదికొచ్చినా ఆజ్ఞ పాటిస్తాను అని. నేను నిర్ణయించుకున్నది ఆ రోజే.

1999లో ఛుట్టీలో ఉండగా టెలిగ్రాం వచ్చింది. కార్గిల్ వెళ్తావా అని ఎవరూ అడగలేదు. అడిగుంటే వెళ్తాననే అనేవాణ్ణి, ఎందుకంటే నేను లేకపోతే గన్ దగ్గర నా పని ఇంకొకడి నెత్తిన పడుతుంది. బోఫోర్స్ ఫిరంగి గుండు 40 కేజీల పైనే ఉంటుంది. ద్రాస్‌లో పది వేల అడుగుల పైన దాన్ని ఎత్తుతుంటే ఊపిరి అందదు. అక్కడ ఇష్టాయిష్టాలు గుర్తుకే రావు, పక్కవాడు ఇంకో గుండు ఎత్తగలడా లేదా అన్నదే చూస్తాం.

మేం ఒప్పుకున్నది పంపితే వెళ్తామని. ఎప్పుడు, దేనికి పంపాలో తేల్చేది ఢిల్లీ. ఆ ఢిల్లీని ఎన్నుకునేవాళ్లలో మీ బంధువూ ఉన్నారు. వాళ్లే ఇష్టపడి వెళ్లారంటూ ఆయన చేతులు దులుపుకుంటే ఎలా?

లా స్టూడెంట్:
అక్కా, 1950 ఆర్మీ యాక్ట్ సెక్షన్ 38 చూడండి. యాక్టివ్ సర్వీసులో, అంటే శత్రువుతో తలపడే డ్యూటీలో ఉండగా గానీ, దానికి ఆర్డర్లు వచ్చాక గానీ పారిపోతే మరణశిక్ష దాకా వేయొచ్చు. మామూలు రోజుల్లో అయితే ఏడేళ్ల వరకు జైలు. అగ్నివీర్లకీ ఇదే చట్టం. మధ్యలో మానేస్తానంటే, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప కుదరదు. అమెరికాలో 1973 నుంచి నిర్బంధ సైనిక సేవ లేదు. అక్కడ చేరాక మనసు మారి ఏ యుద్ధమూ చేయలేనంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ ఒక్క యుద్ధానికి రానంటే మాత్రం ఒప్పుకోరు.

గాజువాక:
స్టీల్ ప్లాంట్ ఫర్నేస్ దగ్గర చేసేవాళ్లకీ రిస్కే. తెలిసే చేరతారు.

రిటైర్డ్ హవల్దార్, మర్రిపాలెం:
నిజమే బాబూ. కానీ రేపట్నుంచి రానని రాజీనామా ఇస్తే మిమ్మల్ని జైల్లో పెట్టరు కదా.

పెదవాల్తేరు అక్క:
అందరికీ థాంక్స్. ఇవన్నీ తమ్ముడి చేత చదివించాను. సెక్షన్ 38 గురించి కోచింగ్‌లో ఎవరూ చెప్పలేదట. కాసేపు ఆలోచించి "అయినా వెళ్తానక్కా" అన్నాడు. తెలిసి అన్నాడు, నాకు అది చాలు. హవల్దార్ గారూ, నాలుగేళ్లయ్యాక ఉంచుకునేది 25 శాతం మందినే కదా. ఆ లిస్టులో పేరు రాకపోతే బయట పనికొచ్చేలా ఏ ట్రేడ్ ఎంచుకోమంటారు?