పాటల రేడియోలో రాజకీయాలు ఉండాలా? ఫిలడెల్ఫియా గొడవ మీద చర్చ

అట్లాంటా శ్రీను:
2024 జులైలో ఫిలడెల్ఫియాలోని నల్లజాతివారి రేడియో డబ్ల్యూయూఆర్‌డీలో బైడెన్ ఇంటర్వ్యూ వచ్చింది. బైడెన్ ప్రచార బృందం తనకు ఎనిమిది ప్రశ్నలు పంపిందని, వాటిలో నాలుగు అడిగానని హోస్ట్ తర్వాత టీవీలో చెప్పారు. ఆ మర్నాడే ఆమె ఉద్యోగం పోయింది. "ఇలాంటి రేడియోలు పాటలు వేసుకుంటే చాలదా" అని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

రమణ ఆర్జే:
మీ ఫ్రెండ్స్ చెప్పిందే కరెక్ట్. పొద్దున్నే పనికి వెళ్లేవాడు మనసు తేలికపడాలని రేడియో పెడతాడు. అక్కడ కూడా ఓట్ల గోలేనా?

కిట్టు:
డబ్ల్యూయూఆర్‌డీ టాక్ స్టేషన్. పాటల స్టేషన్ కాదు. ముందు హెడ్డింగ్ మార్చండి.

అట్లాంటా శ్రీను:
రమణ గారూ, 1963 మే నెలలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి పిల్లలు వర్ణవివక్ష మీద ఊరేగింపుకి ఎలా కదిలారనుకుంటున్నారు? టాల్ పాల్ వైట్, షెల్లీ స్టూవర్ట్ లాంటి డీజేలు పాటల మధ్యలో సంకేతాలు చెప్పారు. పార్కులో పార్టీ ఉంది, టూత్‌బ్రష్ తెచ్చుకోండి అన్నారు. రాత్రి జైల్లో పడుకోవాల్సి రావొచ్చని దానర్థం. తెలియనివాళ్లు వింటే మామూలు పార్టీ కబురే. పాటల రేడియో కాబట్టే అది కుదిరింది.

రమణ ఆర్జే:
అది ఉద్యమం, ఇది ఎన్నికల ప్రచారం. ముందు ఆ నాలుగు ప్రశ్నల సంగతి తేల్చండి. రాసిచ్చిన ప్రశ్నలు అడిగేది జర్నలిజమా?

అట్లాంటా శ్రీను:
కాదు. తప్పే. కానీ ఒకరు తప్పు చేస్తే అందరి నోరు మూయించాలా?

రమణ ఆర్జే:
తప్పని మీరే ఒప్పుకున్నారుగా. ఇంకేం మిగిలింది?

సుజాత మెంఫిస్:
మీరిద్దరూ ఓనర్ల సంగతే ఎత్తడం లేదు. మా ఊళ్లో డబ్ల్యూడీఐఏ స్టేషన్ 1948లో నల్లజాతి శ్రోతల కోసం ప్రోగ్రాములు మొదలుపెట్టింది. ఓనర్లిద్దరూ తెల్లవాళ్లు. మైకు ఒకరిది, తాళం ఇంకొకరిది. తర్వాత 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. దేశం మొత్తంమీద ఒక కంపెనీకి 40 స్టేషన్లకు మించి ఉండకూడదన్న పరిమితి తీసేశారు. చిన్న ఓనర్లు అమ్ముకుని పోయారు. వినే జనం ఊళ్లోనే ఉన్నారు, లాభం చూసుకునేవాడు ఎక్కడో ఉన్నాడు.

కిట్టు:
హెడ్డింగ్ ఇంకా మార్చలేదు.

అట్లాంటా శ్రీను:
కరెక్టే సుజాత గారూ. కానీ రమణ గారికి ఇవేవీ పట్టవు. విజయవాడలో కూర్చుని ఇక్కడి నల్లజాతివాళ్లు ఏం వినాలో తీర్పు చెబుతారు. రేడియో అంటే ఆయనకు టైంపాస్.

రమణ ఆర్జే:
టైంపాసా? ఆరేళ్లు ఒక ప్రైవేటు ఎఫ్‌ఎంలో పొద్దుటి షో చేశాను. ఒకరోజు లైవ్‌లో ఒకావిడ ఫోన్ చేసి, నాలుగు రోజులుగా కుళాయిలో చుక్క నీళ్లు లేవని ఏడ్చింది. కార్పొరేటర్ పేరు చెప్పింది. నా వేలు ఆవిడ గొంతు తగ్గించే ఫేడర్ మీదే ఉంది. దించలేదు. ఆవిడ నలభై సెకన్లు మాట్లాడి ఉంటుంది. సాయంత్రం పిలిచి, లైసెన్సు మీదికొస్తుంది, రేపట్నుంచి రావద్దన్నారు. మన దగ్గర ప్రైవేటు ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు కదా. స్టేషన్ ఇప్పటికీ నడుస్తోంది, నేను ఇన్సూరెన్సులు అమ్ముకుంటున్నాను. ఫిలడెల్ఫియాలో కూడా పోయింది ఎవరి ఉద్యోగం? ప్రశ్నలు పంపినవాళ్లదా?

సుజాత మెంఫిస్:
ఇద్దరూ ఒప్పుకుని విడిపోయామని స్టేషన్ ప్రకటించింది.

రమణ ఆర్జే:
నాతోనూ అలాగే సంతకం పెట్టించారమ్మా.

అట్లాంటా శ్రీను:
సారీ రమణ గారూ, తొందరపడి అనేశాను. అయితే మీరు వద్దంటున్నది రాజకీయాలు కాదు, హోస్ట్‌ని ఒంటరిగా వదిలేయడం. దానికి పాటలే వేసుకోమనడం మందు కాదు. 1949లో జెస్సీ బ్లేటన్ అట్లాంటాలో డబ్ల్యూఈఆర్‌డీని కొన్నారు. దేశంలో నల్లజాతి ఓనర్ చేతికొచ్చిన మొదటి స్టేషన్ అది. తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ గారి ఆఫీసు అదే బిల్డింగ్‌లో, స్టేషన్ కింద ఉండేది. ఆయన చీపురు కర్రతో పైకప్పు తడితే పైనుంచి మైకు దించేవారని చెబుతారు. ఓనర్ మనవాడైతే మైకు కిందికి దిగుతుంది.

రమణ ఆర్జే:
మా ఓనర్ మనవాడే శ్రీను గారూ. మా ఊరివాడే.