సీనియర్ రావద్దన్నారు: ఇంకో ఛాంబరా, కంపెనీ ఉద్యోగమా?

మదనపల్లె లాయరమ్మ:
అందరికీ నమస్కారం. 2024లో లా పూర్తి చేసి బెంగళూరులోనే ఎన్‌రోల్ అయ్యాను. బార్ ఎగ్జామ్ కూడా పాసయ్యాను. మేయో హాల్ కోర్టుల్లో ఒక సీనియర్ లాయర్ దగ్గర పద్నాలుగు నెలలు పనిచేశాను. పోయిన నెలాఖరున "ఒకటో తేదీ నుంచి రానక్కర్లేదమ్మా" అన్నారు, అంతే. ఆ తర్వాత రెండు ఛాంబర్లలో, అంటే వేరే సీనియర్ల ఆఫీసుల్లో, అడిగితే మొదటి ప్రశ్న, కన్నడలో క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేయగలవా అని. మాట్లాడతాను గానీ, సాక్షి వాంగ్మూలం గబగబా చదవమంటే తడబడతాను. ఎలక్ట్రానిక్ సిటీలో కాంట్రాక్టులు చూసే కంపెనీ ఒకటి నెలకు 38 వేలు ఇస్తామంది. శుక్రవారంలోగా చెప్పాలి. నాకు జడ్జి పరీక్ష రాయాలని ఉంది. ఏం చేయమంటారు?

కోలారు వకీలు:
వద్దమ్మా. 2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. కంపెనీలో ఫుల్‌టైమ్ జీతానికి చేరితే బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ప్రాక్టీసు ఆపాలి. ఆ రోజుతో నీ లెక్క ఆగిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను, "ఒక్క ఏడాది చేసి వస్తాం సార్" అని వెళ్ళినవాళ్ళలో మళ్ళీ కోటు వేసినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే.

బెళ్ళందూరు లీగల్:
చెల్లీ, చేరిపో. లెక్క ఆగుతుంది గానీ చెరిగిపోదు. రెండేళ్ళు అప్పులేవో తీర్చుకుని మళ్ళీ సనద్ (ప్రాక్టీసు లైసెన్సు) తెరిపించుకోవచ్చు. నేనూ ఛాంబర్ నుంచి బయటపడ్డవాణ్ణే. అన్నం తిన్నాకే చట్టం.

పలమనేరు:
ఊరికి వచ్చేయొచ్చు కదా? అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 18 ప్రకారం పేరు వేరే రాష్ట్రం రోల్‌కి (లాయర్ల జాబితాకి) మార్చుకోవడానికి ఫీజు కూడా లేదు. తెలుగులోనే వాదించుకోవచ్చు.

కోలారు వకీలు:
చెరిగిపోదని ఎవరు చెప్పారు? రేపు నోటిఫికేషన్‌లో ఏం అడుగుతారో మీకు తెలుసా? పదేళ్ళ అనుభవం ఉన్న అడ్వకేటు సర్టిఫికెట్ ఇవ్వాలి, దానిమీద జిల్లా ప్రిన్సిపల్ జడ్జి సంతకం పడాలి. మధ్యలో రెండేళ్ళు కోర్టులో కనబడని అమ్మాయికి ఎవరిస్తారు?

బెళ్ళందూరు లీగల్:
మళ్ళీ సర్టిఫికెట్టేనా! ఆ అమ్మాయి అడిగింది వచ్చే నెల ఎలా బతకాలని. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో జూనియర్లకు నెలకు 20 వేలు ఇవ్వమని సర్క్యులర్ ఇచ్చింది. ఎవరిస్తున్నారు?

కోలారు వకీలు:
అది సూచన, ఆదేశం కాదు. సరిగ్గా చదవండి.

చెన్నై జూనియర్:
ఇక్కడ మద్రాసు హైకోర్టు కూడా 2024 జూన్‌లో 20 వేల మాట చెప్పింది. నా చేతికి ఎనిమిదే వస్తోంది.

బెళ్ళందూరు లీగల్:
సూచనట! కోలారు సార్, సూటిగా అడుగుతున్నాను. మీ దగ్గర ఇద్దరు జూనియర్లు ఉన్నారని పోయిన నెల మీరే రాశారు. ఎంత ఇస్తారు?

కోలారు వకీలు:
ఆరు వేలు. దాచేదేం లేదు. నా సీనియర్ నాకు మూడేళ్ళు పైసా ఇవ్వలేదు. మా నాయన ఎకరంన్నర అమ్మి నన్ను ఈ ఊళ్ళో నిలబెట్టాడు. జూనియర్ అంటే కూలి కాదు, విద్య నేర్చుకునేవాడు. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలకు కోపం.

బెళ్ళందూరు లీగల్:
అమ్మడానికి ఎకరంన్నర ఉంది సార్ మీకు. మా అమ్మ టైలర్. నా పాత కోటు చేతులు చిరిగితే రెండుసార్లు తిప్పి కుట్టింది. మూడోసారి గుడ్డ ఆగలేదు. నాకు వాదించడం రాక నేను కోర్టు వదల్లేదు. మీరు విద్య అంటున్నది భూమి ఉన్నవాళ్ళే నేర్చుకోగలిగేది. అదే నా బాధ, ఈ రూల్ 49 కాదు.

కోలారు వకీలు:
నేను పేదవాళ్ళను రావద్దన్నానా? ఆ మాట నాకు అంటగట్టకండి.

కేఆర్ పురం:
ఇద్దరూ ఆగండి. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకంలో (పేద నిందితులకు ఉచితంగా లాయర్ని ఇచ్చేది) అసిస్టెంట్ పోస్టుకు మూడేళ్ళ లోపు అనుభవం చాలు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నోటీసులు చూస్తుండండి.

మదనపల్లె లాయరమ్మ:
పోట్లాడుకోకండి, దయచేసి. ఒక మాట దాచాను. నన్ను పని రాక తీసేయలేదు. సీనియర్ గారి తమ్ముడి కొడుకు లా పాసయ్యాడు, నా టేబుల్ అతనికి కావాలి. చివరి రోజు నా డైరీలోని వాయిదాలన్నీ అతని డైరీలోకి నేనే ఎక్కించి ఇచ్చాను, నలభై ఒక్క కేసులు. సర్టిఫికెట్ కోసం ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. కోలారు సార్, ఆరు వేలకు నేను ఉండలేను, పీజీ హాస్టల్‌కే 9 వేలు. అన్నా, శుక్రవారం సంతకం పెట్టేస్తానేమో. కానీ ఆ పద్నాలుగు నెలలు పోగొట్టుకోలేను. నేను కోర్టులో నిలబడినట్టు ఎలా చూపించాలి?

బెళ్ళందూరు లీగల్:
ఆఫర్ లెటర్‌లో నోటీసు పీరియడ్, బాండ్ ఉన్నాయేమో చూడు చెల్లీ. బాండ్ ఉంటే సంతకం పెట్టకు.

కోలారు వకీలు:
వకాలత్తుల్లో (క్లయింటు లాయరుకు రాసిచ్చే అధికార పత్రాల్లో) నీ పేరు ఉందా? ఉంటే వాటికీ, నువ్వు హాజరైనట్టు కోర్టు రాసిన ఆర్డర్ షీట్లకూ సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ పెట్టు. నలభై ఒకటీ అక్కర్లేదు, నెలకొకటి చాలు. కంపెనీకి వెళ్ళొద్దనే ఇప్పటికీ అంటాను. సోమవారం పదిన్నరకు మేయో హాల్‌లో నాకు వాయిదా ఉంది. కేసు నంబర్లు రాసుకుని రా.