తుమ్మ కంప మీద నల్ల గంతల పిట్ట: ఇది ఏ శ్రైక్?

ప్రశ్న: అనంతపురం వైపు, వేరుశనగ పీకేసిన చేను, గట్టు మీద తుమ్మ, రేగు. నవంబరు ఉదయం. పిచ్చుక కన్నా పెద్దది, గోరింక కన్నా చిన్నది. కంటి మీదుగా నల్ల పట్టీ, తల బూడిద రంగు, వీపు మెరూన్. బ్రౌన్ శ్రైక్ అనుకోవచ్చా (శ్రైక్ అంటే మిడతల్లాంటి వాటిని వేటాడే చిన్న పిట్ట)? పక్కనే రేగు ముల్లుకు మిడత గుచ్చి ఉంది. దీని పనేనా?

జవాబు 1: బ్రౌన్ కాదండీ, బే-బ్యాక్డ్ శ్రైక్. బ్రౌన్‌కి నడినెత్తి నుంచి వీపు దాకా గోధుమ రంగే, తోక ఇటుక ఛాయ, రెక్కలో తెల్ల మచ్చ ఉండదు. అది చలికాలపు వలస పిట్ట, కాస్త చెట్టూ నీడా ఉన్న చోట్లు కోరుతుంది. బే-బ్యాక్డ్ ఏడాది పొడుగునా మన మెట్ట పొలాల్లోనే ఉంటుంది.

జవాబు 2: జవాబు సరే, కానీ తల రంగు పట్టుకుని తేల్చొద్దు. బ్రౌన్‌లోనే లూసియోనెన్సిస్ ఉపజాతికి తల బూడిదగా ఉంటుంది. లాంగ్-టెయిల్డ్ అనే మరో శ్రైక్‌కీ తల బూడిదే. దాని పొడవు 25 సెం.మీ. దాకా, తోక బాగా పొడుగు, తోక మొదలు పైభాగం ఇటుక రంగు. బే-బ్యాక్డ్ 18 సెం.మీ. లోపే; అదే చోట తెలుపు, తోక నలుపు, తోక అంచులు తెలుపు. వాలి ఉన్నప్పుడు రెక్కలు ఆ భాగాన్ని కప్పేస్తాయి. నేల మీదికి దూకేటప్పుడు ఫోటో తీయండి, రెక్కలోని తెల్ల మచ్చ కూడా పడుతుంది. పొలుసు గీతలున్న పిల్ల పిట్ట అయితే వీపు రంగును అసలు నమ్మొద్దు.

జవాబు 3: మిడత ఏదో ఒక శ్రైక్ పనే అయి ఉంటుంది, ఏ జాతిదో ముల్లు చెప్పదు. ముక్కు డేగకున్నట్టే కొక్కెంలా వంగి ఉంటుంది, కాళ్లకు మాత్రం డేగ పట్టు లేదు. అందుకే ముల్లుకు గుచ్చి చీల్చుకుంటుంది, మిగిలింది అక్కడే వదిలేస్తుంది. వెంటపడకండి. మిడతను పట్టి మళ్ళీ అదే కొమ్మకు వస్తుంది కాబట్టి ఎండ మీ వీపున పడేలా దూరంగా నిలబడితే చాలు. జూన్, జులైలో అయితే ముళ్ల చెట్ల దగ్గరికి పోవద్దు, గూళ్లుంటాయి.

ప్రశ్న అడిగినవారు: ఈ ఉదయం దూకుతుండగా ఫోటో దొరికింది. తోక మొదలు తెల్లగా ఉంది, తోక నలుపు, ఒకవైపు తెల్ల అంచు కనబడుతోంది.

జవాబు 2: అయితే బే-బ్యాక్డే. రెండో అంచు తోక ముడుచుకుని కనబడలేదంతే.