వరద తరువాతి ఏడాదిలో కుట్టిన బొంతలను దుకాణంలో ఎలా ప్రదర్శించాలి?

ప్రశ్న (దుకాణదారు, విజయవాడ)

అందరికీ నమస్కారం. దారాలు, లైనింగు గుడ్డ, చీర ఫాల్సు, గుండీలు, సూదులు అమ్మే చిన్న దుకాణం మాది. మా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో ఇంటి దగ్గరే మిషను పెట్టుకొని కుట్టే మహిళలు. 2024 సెప్టెంబరు 1న, ఆదివారం, బుడమేరు వాగు నీరు ఆ కాలనీలను ముంచెత్తినప్పుడు వారిలో చాలామంది మిషన్లు రోజుల తరబడి బురదలోనే ఉండిపోయాయి. కుట్టమని ఇతరులు ఇచ్చిన జాకెట్లు, చీరలు పాడైతే వాటి ఖరీదును తామే భరించినవారు కూడా ఉన్నారు.

ఆ తరువాతి ఏడాదిలో వారు ఒక్కొక్కరుగా మళ్లీ రావడం మొదలుపెట్టారు. దారం కొని ఊరుకోకుండా, దానితో కుట్టినవి నాకు చూపించడానికి తెస్తున్నారు. జాకెట్టు ముక్కలతో కూరగాయల సంచులు, మనవరాలికి గౌన్లు, అన్నింటికంటే ఎక్కువగా నీళ్లలో తడిసిన నేత చీరలతో కుట్టిన బొంతలు. ఒకావిడ, ఎన్ని ఉతుకులు ఉతికినా పోని బురద మరకను మధ్యలో ఉంచి, దాని చుట్టూ ఎర్ర దారంతో ముగ్గులాగా కుట్టుకుంటూ వచ్చారు. అది చూసిన తరువాత ఇవన్నీ రెండు రోజులు దుకాణంలో అందరికీ కనబడేలా ప్రదర్శించాలనిపించింది. దసరా జాకెట్ల రద్దీ మొదలైతే ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి ఆలోపే చేయాలి.

నా సందేహాలు మూడు. బహుమతులు పెట్టాలా? బరువైన బొంతను గుడ్డ పాడవకుండా ఎలా వేలాడదీయాలి? ప్రతిదాని పక్కన వరద సంగతి రాయడం సమంజసమేనా?

సమాధానం (కుట్టు శిక్షకురాలు, రాజమహేంద్రవరం)

బహుమతుల ఆలోచన మానుకోండి. నేను నేర్పే చోట ఒకసారి మొదటి, రెండవ, మూడవ బహుమతులు పెడితే, ఆ మరుసటి నెల ముగ్గురు తరగతికి రావడమే మానేశారు. పదేళ్లుగా మిషను తొక్కుతున్నావిడ పనినీ, నిరుడే సూది పట్టిన అమ్మాయి పనినీ ఒకే కొలతతో తూచలేము. అందరికీ తలా ఒక పెద్ద దారపు రీలు ఇవ్వండి, అది తప్పక వాడుకుంటారు.

వేలాడదీయడం గురించి కొంత వివరంగా చెబుతాను. నాలుగైదు నేత చీరల మడతలున్న బొంత మూడు కిలోల దాకా తూగుతుంది. దానిని రెండు మూలల్లో క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే బరువంతా ఆ రెండు చోట్లే పడి, అసలే పాతబడిన చీర అక్కడ చిరుగుతుంది. అందువల్ల బొంత వెనుక, పై అంచు పొడవునా, నాలుగు అంగుళాల వెడల్పున్న గుడ్డ గొట్టాన్ని చేతికుట్టుతో తగిలించాలి. కుట్టు వెనుక పొరను మాత్రమే పట్టుకోవాలి, ముందుకు కనబడకూడదు. పని అయ్యాక విప్పేస్తే ఆనవాలు కూడా ఉండదు. ఆ గొట్టంలోకి అల్యూమినియం గొట్టమో, కర్టెను కడ్డీయో దూర్చితే బరువు అంచంతా సమంగా పంచుకుంటుంది. వెదురు కర్ర వాడితే దానికి తెల్లగుడ్డ చుట్టండి, లేకపోతే రంగు అంటుకుంటుంది. ఎండ తగిలే గోడ వద్దు.

ఇంకొక మాట. మిషను తుప్పు మరకలున్న గుడ్డలు వస్తే, వాటిని తెల్లగా చేయాలని బ్లీచింగు మాత్రం వేయనివ్వకండి. దానితో తుప్పు మరక ఇంకా స్థిరపడుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి, ముందు ఒక మూల పరీక్షించి చూడటం మేలు.

సమాధానం (సింగ్‌నగర్‌లో ఇంటి దగ్గర కుట్టే ఒకావిడ)

నేను మీ దుకాణానికి వచ్చేదాన్నో కాదో చెప్పను గానీ, మూడవ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. ఆ వారం మా ఇంటికి ఫోటోలు తీసేవారు చాలామంది వచ్చారు. తడిసిన మంచం పక్కన నిలబడమన్నారు, నిలబడ్డాము. ఇప్పుడు నేను కుట్టిన బొంత పక్కన కూడా అదే రాస్తే, చూసేవారు అయ్యో పాపం అంటారు తప్ప కుట్టు వరుస ఎంత తిన్నగా వచ్చిందో చూడరు. నా మిషనును విప్పి, బురద కడిగి, కిరసనాయిలుతో తుడిచి, ఆరబెట్టి, నూనె వేసి మళ్లీ తిప్పడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ సంగతి రాయమంటే రాయమంటాను, ఇంట్లో ఎన్ని అడుగుల నీరు వచ్చిందో రాయవద్దంటాను. ఇంకొకరు దీనికి విరుద్ధంగా కోరవచ్చు. కనుక ఏం రాయాలో ఎవరి దగ్గరికి వారి దగ్గరికి వెళ్లి అడగండి, వారు చెప్పిన మాటలనే రాయండి. ఫోటోలు వాట్సాప్‌లో పెట్టే ముందు కూడా అడగండి.

సమాధానం (హ్యూస్టన్, టెక్సస్)

పై సోదరి చెప్పినది పూర్తిగా నిజం, అయినా గుడ్డ దానంతటదే చెప్పే కథ ఒకటుంటుందని నా అభిప్రాయం. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి మహిళలు తరతరాలుగా పాత పని బట్టలతో బొంతలు కుట్టుకొనేవారు. 2002లో మా ఊరి ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం వాటిని గోడలకు వేలాడదీసి ప్రదర్శించింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు కూడా విడుదల చేసింది. ఆ పల్లె బొంతల్లో మిస్సూరీ పెట్‌వే అనే ఆమె, భర్త చనిపోయాక 1942లో, ఆయన పొలంలో వేసుకొన్న బట్టలను కత్తిరించి కుట్టిన బొంత ఒకటుంది. అరిగిన గుడ్డ అరిగినట్లే కనబడుతుంది. మీ దుకాణానికి వచ్చిన ఆ మరక బొంత గురించి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. దానికి పక్కన చీటీ అక్కరలేదు.

అయితే పేరు మాత్రం ఉండాలి. ఇక్కడ బొంత వెనుక ఒక మూలన చిన్న తెల్లగుడ్డ ముక్క కుట్టి, దానిమీద చెరగని సిరాతో కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం రాస్తారు. మా అమ్మమ్మ కుట్టిన బొంతలు మూడు నా దగ్గర ఉన్నాయి, ఏది ఏ సంవత్సరానిదో చెప్పగలిగినవారు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ లేరు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. బహుమతులు మానేశాను. గొట్టాలకు కావలసిన తెల్లగుడ్డ నేనే ఇస్తాను, కుట్టడం మాత్రం ఎవరి బొంతకు వారే కుట్టుకుంటామన్నారు, ఎదుటివారి చేయి పడితే ఒప్పుకొనేలా లేరు. నిన్న మరక బొంత తెచ్చినావిడను ఏం రాయమంటారని అడిగాను. ఆవిడ కొంతసేపు ఆలోచించి, "నా పేరు రాయండి, నాలుగు చీరలు, ఇరవై ఆరు రోజులు అని రాయండి" అన్నారు. తరువాత మెట్లు దిగబోతూ వెనక్కి వచ్చి, ఆ నాలుగింటిలో ఒకటి తన పెళ్లి చీర అని చెప్పి, అది మాత్రం రాయవద్దని కోరారు. నేను ఇక్కడ చెప్పవచ్చా అని అడిగితే, ఊరు కాని ఊరివాళ్లకు చెబితే ఫరవాలేదన్నారు.